తప్పెట కంటే ముందు చెప్పాల్సింది

అప్పిచ్చిన పెద్దమనిషి మా చిన్నతనంలో ఇంటికి ఎంత మర్యాదగా వచ్చేవాడో చెబితే నువ్వు నమ్మవు నాయనా. చెప్పులు అరుగు కిందే విడిచేవాడు. "ఏం అమ్మాయీ, బళ్ళోకి వెళ్తున్నావా?" అని నన్ను పలకరించేవాడు. అమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి అరుగు మీద పెడితే తల ఎత్తకుండానే తీసుకుని "చల్లగా ఉందమ్మా" అనేవాడు. కాలవకు నీళ్ళు ఎప్పుడు వదులుతారు, తెనాలిలో ఏ నాటకం ఆడుతోంది, ఎవరింట్లో పెళ్ళి కుదిరింది, ఇవే మాటలు. వెళ్ళేటప్పుడు నాన్న వీధి మలుపు దాకా సాగనంపేవాడు. అసలు సంగతి ఆ మలుపులో వేపచెట్టు కింద రెండు నిమిషాల్లో తేలిపోయేది. ఆడవాళ్ళున్న చోట బాకీ మాట ఎత్తకూడదన్నది ఆనాటి పద్ధతి. చూడ్డానికి ఎంతో ముచ్చటైన పద్ధతే. మా కొంప మునిగింది మాత్రం దానివల్లనే అంటే నీకు నవ్వొస్తుంది. నవ్వుకో, కానీ ఆ ఫోను అవతల పెట్టి విను. ఇది తొందరగా అయ్యే కథ కాదు.

కృష్ణా డెల్టాలో దుగ్గిరాల పక్క పల్లె మాది. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, అంటే 1953 దాటాక జరిగిన మాట. తులం బంగారం నూరు రూపాయలకు కాస్త అటూ ఇటూ ఉండేది. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానులు, కానీకి మూడు దమ్మిడీలు. పిల్లల చేతిలో కానీ పెడితే ఆ పూట వాళ్ళు మహారాజులే. 1957లో నయాపైసలు వచ్చి రూపాయికి నూరు అన్నప్పుడు మా నాయనమ్మ అస్సలు ఒప్పుకోలేదు. "నూట తొంభై రెండు దమ్మిడీల రూపాయిని నూరు ముక్కలు చేశారంటే మధ్యలో ఎవడో నొక్కేశాడు" అని పోయేదాకా అనుమానపడింది. ఆవిడకు చదువు లేదు గానీ లెక్క దగ్గర ఎవరినీ నమ్మేది కాదు. ఆ అపనమ్మకంలో సగం మా నాన్నకు వచ్చి ఉంటే ఈ కథే లేదు.

వడ్డీల్లో కూడా అంతస్తులుండేవి. నూటికి నెలకు ముప్పావలా వడ్డీకి ఇచ్చేవాడు పుణ్యాత్ముడు. రూపాయికి ఇచ్చేవాడు మామూలు మనిషి. రెండు రూపాయలకు ఇచ్చేవాడి గడప పగటిపూట ఎవరూ తొక్కేవాళ్ళు కాదు, చీకటి పడ్డాక పెరటిదారిన వెళ్ళేవాళ్ళు. ప్రోనోటుకు పెద్ద హంగామా ఏమీ అక్కర్లేదు. తెల్లకాగితం మీద నాలుగు వరసలు రాసి, మొత్తం వెయ్యి దాటితే నాలుగణాల బిళ్ళ అంటించి, బిళ్ళ మీదుగా సంతకం పెడితే అయిపోయినట్టే. మూడేళ్ళు గడిస్తే నోటుకు కాలదోషం పడుతుంది. అందుకని మూడో ఏడు చివర్లో అప్పిచ్చినవాళ్ళకు మనమీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చేది. "పోనీ, ఓ ఐదు రూపాయలివ్వు, నోటు వెనక చెల్లు వేసుకుంటా" అనేవాళ్ళు. ఆ ఐదు రూపాయలు రాసి సంతకం పెడితే గడియారం మళ్ళీ మొదటికి తిరిగినట్టు. మా బాబాయి ఒకాయన మూడో ఏడు రాగానే తీర్థయాత్రలకు బయల్దేరేవాడు. కాశీ, రామేశ్వరం, అన్నీ అప్పులవాళ్ళ దయవల్లే చూశాడు. ఆయన సంగతి చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది, ఆయన్ని అక్కడే వదిలేద్దాం.

మా నాన్న అప్పు కథ నిజానికి మా తాతయ్య దగ్గర మొదలైంది. 1929 తరవాత ధాన్యం ధర పడిపోయింది. ధర పడినంతగా శిస్తు పడలేదు. పెళ్ళిళ్ళు, పురుళ్ళు ఆగలేదు. తాతయ్య అప్పటికే చేసిన బాకీ మీద వడ్డీ కట్టలేక, వడ్డీకి వడ్డీ పెరిగి, ఇల్లు ఇవాళో రేపో అన్నట్టయింది. అంతలో మద్రాసులో రాజాజీ ప్రభుత్వం వచ్చి 1938లో రైతుల అప్పుల భారం తగ్గించే చట్టం చేసింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పయితే, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ అంతా కొట్టేశారు, అసలు కడితే చాలన్నారు. అప్పటికే అసలుకు రెండింతలు కట్టి ఉన్నవాళ్ళకైతే బాకీ తీరిపోయినట్టే. డెల్టాలో ఎన్ని ఇళ్ళలో ఆ ఏడు దీపాలు నిలిచాయో నీకు తెలీదు. తాతయ్య మా చేను ఒక చెక్క అమ్మి అసలు కట్టేసి, ఇల్లు దక్కించుకున్నాడు. తరవాత ఆయన బతికినన్నాళ్ళూ ఎవరి దగ్గరా చేయి చాచలేదు.

మా నాన్న అప్పటికి మీసాలొస్తున్న కుర్రాడు. తండ్రి పడ్డ యాతన ఆయన కంట పడలేదు, వడ్డీ మాయమైపోవడమే కనబడింది. కష్టం ముదిరితే పైనుంచి ఏదో ఒక చట్టం వచ్చి కాపాడుతుందన్న నమ్మకం ఆయన మనసులో అప్పుడే పడిపోయింది. ఒకే ఇంట్లో ఒకే సంగతి చూసి తండ్రి ఒకటి నేర్చుకుంటే కొడుకు ఇంకొకటి నేర్చుకుంటాడు. మనుషుల్లో ఈ చిత్రాన్ని నేను ఇన్నేళ్ళుగా చూస్తూనే ఉన్నాను.

దుగ్గిరాల పసుపు సంతలో కొనుగోలుదార్లు బేరాలాడుతుంటే చూడాలి, అదో మైకం. నాన్న సేద్యం పక్కనబెట్టి పసుపు కొని నిలవ చేయడం మొదలెట్టాడు. మొదటి ఏడు లాభం వచ్చింది. మొదటి ఏడే నష్టం వచ్చి ఉంటే బాగుండేది. ఆ లాభంతో నాకు పట్టుపావడా, అమ్మకు రవ్వల ముక్కుపుడక, తనకు తెనాలిలో కుట్టించిన సిల్కు లాల్చీ. ఉన్ననాడు ఉగాది, లేనినాడు శివరాత్రి అని నాయనమ్మ గొణిగింది. రెండో ఏడు ఇంకా ఎక్కువ కొన్నాడు, అప్పు తెచ్చి మరీ కొన్నాడు. ధర పడింది. పెరుగుతుందని ఆగాడు. ఆగినకొద్దీ పసుపుకు పురుగు, అప్పుకు వడ్డీ.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను ప్రకారం రైతు కాపురముంటున్న ఇంటిని మామూలు నోటు బాకీ కింద కోర్టు జప్తు చేయకూడదు. షావుకార్లకు ఈ సెక్షను నీకూ నాకూ కంటే బాగా తెలుసు. అందుకే మొత్తం పెద్దదైతే నోటుతో సరిపెట్టరు, ఇంటినే తనఖా రాయించుకుంటారు. తనఖా పెట్టాక ఆ రక్షణ అక్కరకు రాదు. నాన్న ఇల్లు తనఖా పెట్టింది రిజిస్ట్రారు ఆఫీసులో, అమ్మతో పెళ్ళివారింటికి వెళ్తున్నానని చెప్పి.

దావా పడింది. సమన్లు పసుపు కొట్టు దగ్గరే ఇప్పించుకున్నాడు. తనఖా దావాలో డిక్రీ ఇచ్చాక కోర్టు ఆరు నెలలు గడువిస్తుంది, ఆలోగా కడితే ఇల్లు మనదే. ఆ ఆరు నెలలూ మా ఇంట్లో రోజూ మామూలుగానే గడిచాయి నాయనా. అదే ఇప్పటికీ నాకు మింగుడుపడదు. సంక్రాంతికి గోడలకు సున్నం వేయించాడు. పోతున్న ఇంటికి సున్నం! అమ్మ గుమ్మాలకు పసుపు రాసింది. నాయనమ్మ పెరట్లో కొత్తగా కరివేపాకు మొక్క నాటింది. నాన్న నవ్వుతూ చూస్తూ నిలబడ్డాడు. రాత్రిళ్ళు మాత్రం వసారాలో పచార్లు చేసేవాడు, అడిగితే అజీర్తి అనేవాడు. వాము నీళ్ళు తాగీ తాగీ మనిషి సగమయ్యాడు.

తప్పెట మోగింది ఒక మంగళవారం ఉదయం. వేలం ప్రకటన ఆ ఇంటి ముందే తప్పెట కొట్టి చదవాలి, కాగితం గోడకు అంటించాలి, అది కోర్టు నియమం. అమ్మ బియ్యం కడుగుతోంది. ఎవరింట్లోనో ఏదో అయిందనుకుని చెంగుతో చేతులు తుడుచుకుంటూ వీధిలోకి వచ్చింది. చదివేవాడు మా ఇంటి ఎల్లలు చదువుతున్నాడు, తూర్పున ఫలానావారి దొడ్డి, పడమర పంచాయితీ బజారు అని. అమ్మకు ఆ ఎల్లలు అర్థమయ్యేసరికి ఎదురింటి అరుగుల నిండా జనం.

ఆవిడ ఏడవలేదు. లోపలికొచ్చి అన్నం వార్చింది, అందరికీ పెట్టింది. నాన్న ముందు విస్తరి వేసి అన్న మాట ఇది: "ఇల్లు పోతే పోయింది. తప్పెట కొట్టేవాడికి తెలిసిన సంగతి నాకు తెలీకపోవడమేంటి?" ఆ తరవాత చాలాకాలం అవసరమైన మాట తప్ప ఆయనతో మాట్లాడలేదు.

ఇంటి సంగతి బయటపడగానే గోరుచుట్టు మీద రోకటిపోటని ఇంకో నోటు మనిషి సామాను మీదికి వచ్చాడు. అప్పుడు మాకు అక్కరకొచ్చింది ఒక వకీలు గుమాస్తా. పెద్ద చదువరి కాదు, నశ్యం డబ్బీ, చిరిగిన కోటు. వసారాలో కూర్చుని, జప్తుకొచ్చే కోర్టు అమీనా వేటిని ముట్టుకోకూడదో అమ్మకు వేళ్ళ మీద చెప్పాడు. కట్టుబట్టలు, వండుకునే గిన్నెలు, పడకలు, మెడలో తాళి, అరక, సేద్యానికి తప్పనిసరైన ఎడ్లు, విత్తనాలు. ఇత్తడి గంగాళం పోతుంది, అన్నం గిన్నె పోదు. ఆ జాబితా వింటుంటే అమ్మ ముఖంలో మొదటిసారి రక్తం కనబడింది. అంతా పోతుందనుకున్న మనిషికి ఇది పోదు, ఇది పోదు అని ఒక్కొక్కటీ లెక్కగట్టి చెప్పడం కంటే పెద్ద ఓదార్పు లేదు. ఊరంతా వచ్చి అయ్యో అన్నారు. అన్నందుకు నేను ఎవరినీ తప్పుపట్టను. కానీ ఆ నశ్యం గుమాస్తాకు మాత్రం ఇప్పటికీ చేతులెత్తి దండం పెడతాను.

వేలమయ్యాక కూడా 30 రోజుల్లో బాకీ సొమ్మూ, కొన్నవాడికి అతను పాడిన మొత్తం మీద నూటికి ఐదు చొప్పునా కోర్టులో కడితే వేలం రద్దవుతుందని ఆయనే చెప్పాడు. మేనమామ కాళ్ళరిగేలా తిరిగాడు. ఇచ్చేవాళ్ళు దొరక్క కాదు, వాళ్ళడిగిన వడ్డీ విని అమ్మే ఆపేసింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందని ఆవిడకు అప్పటికి బాగా తెలిసింది.

ఇల్లు కొన్నది పక్క ఊరి మిల్లు యజమాని. ఆషాఢం వెళ్ళేదాకా ఉండండి అన్నాడు, ఆయన మర్యాద అది. ఖాళీ చేసేటప్పుడు తగువొచ్చింది ఒక్క రుబ్బురోలు దగ్గర. అది నేలలో పాతి ఉంది, భూమిలో పాతిన వస్తువు ఇంటితోనే పోతుందన్నాడు వాళ్ళ మనిషి. అత్తగారు నూరిన రోలు, వదలనంది అమ్మ. ఇల్లంతా వదులుకున్న మనిషి రోలు దగ్గర పట్టుబట్టి కూర్చుంది. మిల్లు యజమాని భార్య కబురు పంపింది, తవ్వి తీసుకెళ్ళమని. నలుగురు మనుషులు గడ్డపారలతో తవ్వి ఎత్తారు. ఆ రోలు ఇప్పుడు మా తమ్ముడి కొడుకు అపార్టుమెంటు బాల్కనీలో తులసికోట కింద ఉంది. ఎత్తి తెచ్చిన కూలీలు లిఫ్టు లేదని తిట్టుకున్నారట.

అదే ఊళ్ళో రెండు గదుల పూరిల్లు అద్దెకు తీసుకున్నాం. వేరే ఊరు వెళ్ళిపోదామన్నాడు నాన్న. ఎక్కడికెళ్ళినా మీ ముఖం మీ వెంటే వస్తుందిగా అంది నాయనమ్మ.

ఇక నాన్న కోపం సంగతి చెప్తాను, అసలు నీకు చెప్పాలనుకున్నది ఇదే. ఇల్లు పోయినవాడి కోపానికి నిలవ చోటుండదు. మొదట షావుకారు మీద పడింది. ఆయన మోసం చేయలేదు, రాసుకున్న వడ్డీయే తీసుకున్నాడు, అందుకని ఆ కోపం అక్కడ ఎక్కువకాలం నిలవలేకపోయింది. తరవాత పసుపు మీద, సంత మీద, పోయిన తాతయ్య మీద, చివరికి చెంబు శబ్దం చేసినందుకు అమ్మ మీద. పొలానికి వెళ్ళాలంటే పాత ఇంటి వీధే దగ్గర. ఆయన కాలవగట్టున చుట్టూ తిరిగి వెళ్ళేవాడు, వానాకాలం మోకాలి లోతు బురదలో కూడా. రాత్రిళ్ళు లెక్క వేసేవాడు: ఫలానా నెలలో అమ్మేసి ఉంటే ఇంత వచ్చేది, ఫలానా రోజు సంతకం పెట్టకపోయి ఉంటే ఇంత మిగిలేది. ఆ లెక్క ఎన్నిసార్లు వేసినా ఇల్లు తిరిగి వచ్చేది. తెల్లారేసరికి పూరింటి వాసాలు కనబడేవి.

మిల్లు యజమాని భార్య మమ్మల్ని పిలిచి మా చెట్టు జామకాయలే ఒడినిండా ఇచ్చింది ఒకనాడు. నాన్న చూసి లాక్కుని వీధిలోకి విసిరేశాడు. నాయనమ్మ వెళ్ళి ఒక్కొక్కటీ ఏరుకొచ్చి, కడిగి, ఉప్పూకారం చల్లి ఆయన ముందే కొరికింది. "కాయకు తెలుసా, చెట్టు ఎవరి పేరున రిజిస్టరయిందో" అంది. ఆవిడకు పళ్ళు నాలుగే. ఆ నాలుగింటితోనూ ఆ రోజు మూడు కాయలు తింది.

ఆవిడ ఒక నియమం పెట్టింది. "ఒరే అబ్బాయ్, తిట్టుకో. షావుకారును తిట్టు, నన్ను తిట్టు, దేవుణ్ణి తిట్టు. దీపం పెట్టేదాకా నీ ఇష్టం. దీపం పెట్టాక మాత్రం ఈ ఇంట్లో ఆ మాట రాకూడదు." కోపం వద్దనలేదు చూడు. మర్చిపో, అంతా మన మంచికే అని ఒక్కనాడూ అనలేదు. దానికి ఒక వేళ పెట్టింది, అంతే. మొదట్లో ఆయన వినలేదు. రానురాను సాయంత్రం నాలుగింటికి ఆవిడ మంచం పక్కన కూర్చుని తిట్టడం, ఆవిడ వత్తులు చేసుకుంటూ ఊకొట్టడం, దీపం వేళకు లేచి కాళ్ళు కడుక్కోవడం అలవాటైంది. కొన్నాళ్ళకు తిట్లలో కొత్తవి లేకపోయాయి. ఒకసారి చెప్పిందే చెబుతూ తనే విసుక్కుని మధ్యలో లేచిపోయాడు.

ఇదంతా తేలిగ్గా జరిగిందనుకోకు. మొదటి నెలల్లో నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకునేది, గాలి బాగుంటుందని. ఊళ్ళో బావులు లోతు, ఆవిడ భయం ఆవిడది. నాకు చాలా ఏళ్ళ తరవాత అర్థమైంది. ఇప్పుడు అలాంటి ఆలోచన ఎవరికైనా వస్తే 14416కు ఫోను చేస్తే చాలట, టెలి మానస్ అంటారు, తెలుగులోనే మాట్లాడతారు. నెంబరు రాసిపెట్టుకో, నీకు కాకపోయినా ఎవరికో ఒకరికి పనికొస్తుంది. గుమ్మానికి అడ్డంగా పడుకునే నాయనమ్మలు ఇప్పుడు అందరి ఇళ్ళలో లేరు.

ఊళ్ళోవాళ్ళు రకరకాలుగా ఓదార్చారు. ఓడలు బళ్ళు, బళ్ళు ఓడలు అవుతాయన్నారు. కలిమిలేములు కావడికుండలన్నారు. నిజమే, సామెత నిజం కాకపోతే ఇన్నేళ్ళు ఎందుకు బతుకుతుంది? కానీ అమ్మను నిలబెట్టింది ఆ మాటలు కావు. పూరింట్లో దిగిన కొన్నాళ్ళకు పక్కింటావిడ గిన్నె పట్టుకొచ్చి, "వదినా, కాస్త తోడు ఉంటే పెట్టు, మా పాలు తోడుకోలేదు" అంది. ఎవరో ఒకరు ఏదో ఒకటి ఇచ్చిపోతున్న రోజులవి. ఒకరు ఆవకాయ, ఒకరు బియ్యం, ఒకరు పాత చీర. పుచ్చుకునీ పుచ్చుకునీ అమ్మ తల వంగిపోయింది. అడగడానికి వచ్చింది ఈవిడొక్కతే. అమ్మ చెంచాడు పెరుగు తీసి గిన్నెలో వేస్తూ మళ్ళీ ఇంటావిడ అయింది. కష్టంలో ఉన్నవాళ్ళింటికి వెళ్తే నువ్వు కూడా ఏదైనా చిన్నది అడిగి తెచ్చుకో నాయనా. నీకు అది మొరటుగా తోస్తుంది గానీ చేసి చూడు.

మా నాన్నకు సినిమాల పిచ్చి. 1953లో చిత్తూరు నాగయ్య గారు 'నా ఇల్లు' అని సినిమా తీశారు. మా ఇంటి గొడవ తరవాత ఆ పేరెత్తితేనే నాన్న లేచి వెళ్ళిపోయేవాడు. 'త్యాగయ్య' తీసిన మహానుభావుడు, అడిగినవాడికి లేదనకుండా పెట్టిన చేయి ఆయనది. చేతిలో ఉన్నదంతా పోగొట్టుకుని, చివరి రోజుల్లో చిన్నచిన్న వేషాలు వేస్తూ 1973లో కన్నుమూశారు. ఆ వార్త విన్న రోజు నాన్న భోజనం చేయలేదు. "వేషం వేస్తూనే పోయాడు చూడు" అన్నాడు. ఆ మాట ఆయన ఎంత లోతునుంచి అన్నాడో. సరే, ఎక్కడికో వెళ్ళిపోయాను, వెనక్కి వస్తాను.

నాన్న దుగ్గిరాలలో ఒక కమిషను కొట్లో గుమాస్తాగా చేరాడు. ఒకప్పుడు తను కొన్న పసుపే ఇప్పుడు ఇంకొకరి కోసం తూకం వేయాలి. ఐపీ పెట్టేయమని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. పెట్టలేదు, మిగిలిన చిల్లర నోట్లు జీతంలోంచి తీరుస్తూ వచ్చాడు. పని ఉన్న రోజు తిట్లు తగ్గేవి. ఆదివారం మళ్ళీ పెరిగేవి.

కొన్నేళ్ళకు మిల్లు యజమాని కూతురి పెళ్ళి వచ్చింది. ఉగ్రాణం చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలి. ఆ ఇంట్లో నెయ్యి ఏ గదిలో పెడితే కరగదో, ఏ మూల చీమలు పట్టవో మా నాన్నకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? మిల్లు యజమానే స్వయంగా వచ్చి అడిగాడు. అమ్మ తలుపు వెనక నిలబడి వింటోంది. వెళ్ళడనే అనుకున్నాం. వెళ్ళాడు, తిన్నగా ఆ పాత వీధిలోంచే వెళ్ళాడు. తాళంచెవుల గుత్తి నడుముకు దోపుకుని, బస్తాలు లెక్కపెట్టి, వంటవాళ్ళతో పోట్లాడి, మూడు రోజులు ఆ ఇంట్లో తిరిగాడు. నాలుగో రోజు రాత్రి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ అమ్మతో అన్నాడు: "నడిమింటి దూలానికి చెదలు పట్టిందే. ఈ వేసవిలో మార్చకపోతే ప్రమాదమని వాళ్ళకు చెప్పొచ్చాను."

దీపం పెట్టాక ఆ ఇంటి మాట వచ్చింది, నాయనమ్మ నియమం తప్పింది. ఆవిడ మంచంలోంచి ఏమీ అనలేదు. అమ్మ మాత్రం అంది, "ఆ దూలం మామయ్యగారి నాడే పుచ్చు. మీకు చెబుదామంటే మీరెప్పుడు విన్నారు?" అలా మొదలైంది, చాలాసేపు మాట్లాడుకున్నారు. పసుపు సంగతి, తనఖా సంగతి, సున్నం సంగతి, అన్నీ ఆ రాత్రి అడిగింది అమ్మ. ఆయన ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. మళ్ళీ సొంత ఇల్లు అన్నది మా తమ్ముడి చేతుల మీదుగానే, అదీ నాన్న పోయాక.

తరవాత ఎన్ని చూశాను! 1987-88లో పత్తికి తెల్లదోమ పట్టి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు కుప్పకూలారు. 1994-95లో రొయ్యల చెరువులకు జబ్బు వచ్చి కోస్తాలో మేడలు కట్టినవాళ్ళు ఆ మేడలే అమ్ముకున్నారు. ప్రతిసారీ ఒకటే. ఇంట్లోవాళ్ళకు చివర తెలుస్తుంది.

మొన్నామధ్య మా తమ్ముడి మనవడు హైదరాబాదు నుంచి ఒక్కడే వచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక నా గదిలోకి వచ్చి కూర్చుని చెప్పాడు. ఉద్యోగం పోయి చాలాకాలమైంది, పెళ్ళానికి చెప్పలేదు. రోజూ పొద్దున టిఫిను డబ్బా పట్టుకుని బయల్దేరుతున్నాడట. ఫ్లాటు కంతులు ఆగాయి, బ్యాంకు నోటీసు వచ్చింది. "అమ్మమ్మా, నీకొక్కదానికే చెప్తున్నా" అన్నాడు. నాకు కాదురా నువ్వు చెప్పాల్సింది అన్నాను.

వాడితో కాగితాలు తెప్పించుకుని మా వకీలుకు చూపించాను. ఇప్పటి చట్టం 2002లో వచ్చింది, కోర్టు మెట్లెక్కకుండానే బ్యాంకు ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. అయినా మెట్లున్నాయి. 90 రోజులు కట్టకపోతే మొండిబాకీ కింద వేస్తారు. తరవాత 60 రోజుల నోటీసు. దానికి మనం అభ్యంతరం రాసి పంపితే వాళ్ళు జవాబివ్వాలి. అప్పటికీ కుదరకపోతే స్వాధీనం నోటీసు ఇంటికి అంటించి రెండు పేపర్లలో వేస్తారు, ఒకటి తెలుగు పేపరు. మా రోజుల్లో తప్పెట, మీ రోజుల్లో పేపరు. అమ్మకానికి ముందు ఇంకో 30 రోజుల నోటీసు. వాళ్ళు చేసిన దాంట్లో తప్పుంటే 45 రోజుల్లో రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కు వెళ్ళొచ్చు. వేలంలో వచ్చిన సొమ్ములో బాకీ, ఖర్చులు పోగా మిగిలింది మనకే ఇవ్వాలి. వసూలుకు ఫోను చేసేవాళ్ళు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తరవాత చేయకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇవన్నీ వినేసరికి వాడికి కాస్త ఊపిరి ఆడింది. గుమాస్తా జాబితా విన్న అమ్మ ముఖమే నాకు గుర్తొచ్చింది.

ఆ రాత్రే నా ఎదుట పెళ్ళానికి ఫోను చేయించాను. ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఒక్కటే అడిగింది, "డబ్బాలో నేను పెట్టిన అన్నం రోజూ ఎక్కడ కూర్చుని తిన్నావు?" వీడు పార్కులో అన్నాడు. ఫోను పెట్టేసింది.

మర్నాడు తనే బయల్దేరి వచ్చింది. ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్ళి, వేలం దాకా రానివ్వకుండా తామే కొనేవాణ్ణి చూసుకుని అమ్ముతామని రాసిచ్చారు. వేలంలో వచ్చే దానికంటే నయంగానే పోయింది, బాకీ తీరి, చేతిలో కొద్దిగా మిగిలింది. ఇప్పుడు అద్దెకుంటున్నారు, వాడికి చిన్న ఉద్యోగం దొరికింది. వాడు ఫోను చేసినప్పుడల్లా ఆ బిల్డరును, ఆ కంపెనీని, ఆ బ్యాంకును వరసగా తిడతాడు. నేను వత్తులు చేసుకుంటూ ఊకొడతాను. సాయంత్రం ఆరు దాటాక చేస్తే మాత్రం ఎత్తను. ఆ పిల్ల ఇంకా వాడితో సరిగ్గా మాట్లాడటం లేదట. మాట్లాడుతుందిలే, మా అమ్మకు ఎన్నేళ్ళు పట్టిందో చెప్పానుగా. వాడు మాత్రం రోజూ ఇంటికి రాగానే ఆ రోజు ఖర్చు, జమ ఆమె ముందు పెడుతున్నాడు.